ఎనిమిది మించొద్దన్నాను

ఇది నేను ఎక్కిన మెట్ల కథ కాదని ముందే చెబుతున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆస్ట్రేలియాలో ఫార్మసీ కౌంటరు వెనక నిలబడ్డాను, మొదట డార్విన్‌లో, తర్వాత పెర్త్‌లో. పోయిన ఏడాది మోకాళ్ళు ఇక చాలన్నాయి, మానేశాను. ఇప్పుడు మనవాళ్ళ పిల్లలు చాలామంది ఫార్మసీ చదువుతున్నారు. ఇంటికొచ్చి, ఆంటీ, జాబ్ ఎలా ఉంటుంది అని అడుగుతారు. రిజిస్ట్రేషన్ గురించీ, జీతం గురించీ వాళ్ళ సీనియర్లే నాకంటే బాగా చెప్పగలరు. నేను చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పాలంటే సిగ్గేస్తుంది కాబట్టి రాస్తున్నాను.

యూనివర్సిటీలో మీకు పెద్ద పెద్ద జబ్బుల మందులు నేర్పుతారు. కౌంటరు దగ్గర మిమ్మల్ని ముంచేవి అవి కావు. ప్రిస్క్రిప్షన్ మందుకి డాక్టరు, కంప్యూటరు, మీరు, ముగ్గురు కాపలా ఉంటారు. జ్వరం గోళీకి అలాంటి కాపలా లేదు. దానికి ఉన్నదల్లా పెట్టె వెనక చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు. వాటిని మీరు చదవరు, కొన్నవాళ్ళూ చదవరు.

మారియా

డార్విన్‌లో నా మొదటి యజమానురాలి పేరు మారియా. గ్రీకు ఇంటి మనిషి, అరవై దాటిన వయసు, గొంతు మాత్రం సంతలో అమ్మేవాళ్ళ గొంతు. చేరిన మొదటి మూడు వారాలు నాకు బిల్లు కొట్టే పని కూడా ఇవ్వలేదు. అరల్లో ఉన్న ఒక్కొక్క పెట్టె తీసి వెనకున్న రాత పైకి చదవమనేది. గుంటూరులో ఫస్ట్ క్లాసులో పాసైన నాకు ఇదేమిటి, ఒకటో తరగతి శిక్ష అని ఒళ్ళు మండేది.

ఓ రోజు కుండపోత వాన. షాపు నిండా తడిసిన జనం. ఒకాయన జలుబు చేసిందని పారసెటమాల్ తీసుకుని, ఎన్ని వేసుకోవాలని అడిగాడు. అది మామూలు పారసెటమాలే కదా, కావలసినప్పుడు వేసుకోండి అన్నాను. మారియా అది విన్నది. వానలో కారు దగ్గరికి పరుగెత్తి ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇంకేం వాడుతున్నావని అడిగితే, అప్పటికే రోజుకు నాలుగుసార్లు జలుబు మాత్రలు మింగుతున్నాడని తేలింది. వాటిలో ఉన్నదీ అదే మందు.

ఆయన వెళ్ళాక తల తుడుచుకుంటూ నాకు తలంటింది. "మామూలు" అనే మాట ఇంకోసారి ఈ కౌంటరు మీద వినపడితే నువ్వు ఇంటికి పోవచ్చు అంది. ఎంత రద్దీ ఉన్నా పెట్టె నీ చెయ్యి దాటేలోపు మూడు అడగాలంది. ఎవరికి? ఇంకేం వేసుకుంటున్నారు? ఇంట్లో ఏమున్నాయి? నాకు వృత్తి నేర్పిన మనిషి ఎవరంటే ఆవిడే. కాలేజీ నాకు కాగితం మాత్రమే ఇచ్చింది.

సూట్‌కేసులో మందుల షాపు

పెర్త్‌కి మారాక ఊరి శివార్లలో హారిస్‌డేల్ అనే పేటలో పనికి కుదిరాను. షాపింగ్ సెంటర్లో సూపర్ మార్కెట్ పక్కనే మా ఫార్మసీ. చుట్టుపక్కల ఎటు చూసినా మనవాళ్ళే. నా పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ ఫార్మసీ ఆంటీనే.

మనవాళ్ళు మందులు ఎలా కొంటారో మీకు తెలియకపోవచ్చు, మీరు ఇక్కడ పుట్టినవాళ్ళు. అక్కడ మెడికల్ షాపాయన రోగం పేరు విని, షీటు తీసి, కత్తెరతో నాలుగు గోళీలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని నోటితో చెబుతాడు. మందు పేరు ఉన్న ముక్క ఎవరికి పోతుందో దేవుడికెరుక. అలా పెరిగినవాళ్ళకి పెట్టె మీద రాతంటే లెక్క ఉండదు. షాపాయన మాటే రాత.

ఇక్కడికి వచ్చాక ఆ అలవాటుకి విమానం ఎక్కే అలవాటు ఒకటి తోడైంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ ఏడాదికి సరిపడా మందులు తెచ్చుకుంటారు. సర్దేటప్పుడు బరువు దాటిందనుకోండి, పచ్చడి సీసా తియ్యరు, కారప్పొడి తియ్యరు. మందుల పెట్టెలు చించేసి, లోపలి కాగితాలు పారేసి, షీట్లకి రబ్బరుబ్యాండు వేసి ప్లాస్టిక్ కవర్లో పెడతారు. కవరు మీద పెన్నుతో "జ్వరం" అనో "మోషన్స్" అనో రాసుకుంటారు. ఎంత వేసుకోవాలో చెప్పే కాగితం మాత్రం హైదరాబాద్‌లోనే చెత్తబుట్టలో ఉండిపోతుంది. జనం ఎక్కువ మింగకూడదని ఇక్కడ సూపర్ మార్కెట్లలో పారసెటమాల్ పెట్టెలు చిన్నవి చేసినప్పుడు మనవాళ్ళు నవ్వారు. మనకేం, అటక మీద సూట్‌కేసు ఉందిగా అన్నారు.

కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన జ్వరానికని ఒక షీటు, ఒళ్ళునొప్పులకని ఇంకో షీటు కలిపి మింగేవాడు. రెండు పేర్లు, రెండు రంగులు, లోపల ఒకటే మందు. నేను గట్టిగా కేకలేస్తే మర్నాడు సున్నుండలు తెచ్చి ఇచ్చాడు గానీ గోళీలు ఆపాడో లేదో నాకు తెలియదు.

ఇక నా సంగతి. తెల్లవాళ్ళు ఎవరొచ్చినా మారియా మూడు ప్రశ్నలూ అడిగేదాన్ని. మనవాళ్ళ దగ్గర నోరు వచ్చేది కాదు. ఆంటీ అని నవ్వుతూ వచ్చిన పిల్లని పట్టుకుని, మీ ఇంట్లో ఏం మందులున్నాయని అడిగితే బీరువా తెరిచి చూపించమన్నట్టు ఉంటుంది. ఇంతకుముందు చూశానులే, తెలిసినవాళ్ళేలే అనుకుని వదిలేసేదాన్ని. మొహమాటానికి పోతే కడుపైందని మా చీరాలలో ముసలమ్మలు ఊరికే అనలేదు. మొహమాటం ఒక్కటే అని కూడా అనలేను. నా మాటే వాళ్ళకి పెట్టె మీద రాత అయిందని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

మాధవి

మాధవిది కరీంనగర్ వైపు. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్ హోమ్‌లో కేరర్‌గా పనిచేసేది. భర్త రవీందర్ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆరేళ్ళ పాప, ఆద్య. మాధవి సన్నగా ఉండేది. నలభై అయిదు కిలోలు కూడా ఉండదేమో అని నేనే ఆట పట్టించేదాన్ని.

సెప్టెంబరు చివర్లో దవడ పట్టుకుని వచ్చింది. వెనక పన్ను పుచ్చింది, ఇక్కడి డెంటిస్ట్ రూట్ కెనాల్ చెయ్యాలన్నాడట. డిసెంబరులో ఇండియాకి టికెట్లు తీసుకున్నారు, అక్కడే చేయించుకుంటానంది. మనవాళ్ళలో ఇది ఆచారం లాంటిది. పళ్ళ పని, కళ్ళజోడు పని ఇండియా ప్రయాణానికి దాచుకుంటాం. ఇక్కడ దంత వైద్యం ఎంత ఖరీదో అందరికీ తెలుసు.

అప్పుడు నేను ఏమనాలి? పుచ్చిన పన్ను మూడు నెలలు ఆగదమ్మా, ఈ వారమే వెళ్ళు అనాలి. నేనన్నదేమిటంటే, మంచిదే, నేనూ నా రెండు పళ్ళూ గుంటూరులోనే కట్టించుకున్నాను అని. తర్వాత ఐదు వందల మిల్లీగ్రాముల పారసెటమాల్ పెట్టె ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

"రెండేసి వేసుకో, ఆరు గంటలకోసారి. రోజుకి ఎనిమిది మించొద్దు" అన్నాను.

"ఎనిమిది. సరే ఆంటీ" అంది.

నేను చెప్పింది తప్పు కాదు. పెట్టె మీద ఉన్నదే చెప్పాను. కొద్ది రోజులకంటే ఎక్కువ వాడొద్దని కూడా ఆ పెట్టె మీదే ఉంది. అది చెప్పలేదు. ఇంత సన్నటి మనిషికి ఎనిమిదే ఎక్కువ అన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

నెల దాటాక పాపకి విటమిన్లు కొనడానికి వచ్చింది. పన్ను ఎలా ఉందని అడిగాను. అట్లనే ఉంది, మీరు చెప్పిన లెక్క మాత్రం దాటలేదంది. ఎంత సంతోషించానో. మంచి పిల్లవి, ఈ ఊళ్ళో నా మాట విన్నది నువ్వొక్కదానివే అన్నాను. రోజుకి ఎనిమిది చొప్పున నేనిచ్చిన పెట్టె ఎప్పుడో ఖాళీ అయ్యుండాలి. రెండో పెట్టె మా దగ్గర కొనలేదు. మరి ఏం వేసుకుంటోంది? బిల్లు కొట్టే అమ్మాయికైనా తట్టాల్సిన ప్రశ్న అది. నాకు తట్టలేదు.

అప్పుడు కార్తీకం. సోమవారాలు ఉపవాసం ఉంటోంది. ఎలాగూ నమలలేకపోతున్నాను, పుణ్యమైనా వస్తుందని నవ్వింది. తిండి లేని ఒంట్లో ఆ మందు ఎంత చెడ్డదో నాకు తెలుసు. నేను కూడా నవ్వాను.

ఏ గోళీ

తర్వాతి వారం మంగళవారం పొద్దున షాపు తెరవగానే వచ్చింది. రెండు రోజులుగా వాంతులు, గ్యాస్ అనుకుంటున్నాను, ఏదైనా ఇవ్వమంది. తల ఎత్తి చూశాను. మా షాపు లైట్ల కింద ఆమె కళ్ళు పచ్చగా ఉన్నాయి.

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నెలన్నర కిందట అడగాల్సిన మాట అప్పుడు అడిగాను. ఏ గోళీ వేసుకుంటున్నావు, చూపించు అన్నాను. హ్యాండ్‌బ్యాగులోంచి షీటు ముక్క తీసింది. కత్తెరతో కత్తిరించిన ముక్క, వాళ్ళమ్మ పంపించింది. మందు పేరు సగమే ఉంది గానీ పక్కన 650 అన్న అంకె స్పష్టంగా ఉంది. నేనిచ్చిన పెట్టె వారంలో అయిపోతే ఇంట్లో ఉన్నవి మొదలుపెట్టింది. ఎనిమిదే వేసుకుంది. నేను ఐదు వందల గోళీకి చెప్పిన ఎనిమిదిని ఆరు వందల యాభై గోళీకి పాటించింది. దాని మీద, డ్యూటీలో నొప్పి ఆగకపోతే వేడినీళ్ళలో కలుపుకునే జలుబు పొడి రోజుకి రెండుసార్లు తాగింది. దాంట్లో ఉన్నదీ పారసెటమాలే. పొడి గోళీ కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆసుపత్రి వాళ్ళకి ఇవ్వడానికి ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అని కాగితం మీద రాస్తూ రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. నేను భయపడటం చూసి ఆమె భయపడింది. ఫోన్ తీసి చూపించింది. రోజుకో వరుస, వరుసకి ఎనిమిది టిక్కులు. ఏజ్డ్ కేర్ హోమ్‌లో ముసలివాళ్ళకి ఒక్క గోళీ ఇచ్చినా పక్కన ఇంకొకరిని నిలబెట్టి సంతకం చేసే అలవాటు ఆమెది. అదే పద్ధతిలో రాసుకుంది.

"నేను తొమ్మిదోది ఒక్కనాడు గూడ ఏస్కోలే ఆంటీ. చూడుండ్రి. పెయిన్‌కి ఏడ్చిన గానీ ఏస్కోలే" అంది.

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఈ మందు కాలేయాన్ని దెబ్బతీస్తే దానికి విరుగుడు ఉంది, మీరు చదువుకునే ఉంటారు. తొందరగా పడితే బాగా పనిచేస్తుంది. మాధవి విషయంలో అది చేతులు కాలాక పట్టుకున్న ఆకులైంది. రెండో రోజుకి మాట తడబడింది. మూడో రోజు పాపని గుర్తుపట్టలేదు. కాలేయం మార్చాలి అన్నారు, వేరే వాళ్ళది దొరకాలి అన్నారు. దొరికేలోపే ఐదో రోజు మధ్యాహ్నం ఐసీయూలో పోయింది. ముప్పై నాలుగేళ్ళు. పుచ్చిన పన్ను అలాగే ఉంది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు

ఊళ్ళో వాట్సాప్ గ్రూపులు రెండు వారాలు ఊగిపోయాయి. ఇండియా గోళీలు పవర్ ఎక్కువ అని కొందరు, కల్తీ అని కొందరు, పన్ను నొప్పికి ఎవరైనా చచ్చిపోతారా, ఇంకేదో ఉందని కొందరు. ఆ గోళీలో ఏ తప్పూ లేదు. దాని మీద 650 అని రాసే ఉంది. ఆ అంకెకి అర్థం చెప్పాల్సిన మనిషిని నేను.

మా షాపు ఓనరు కుర్రవాడు, మంచివాడే. నన్ను లోపలికి పిలిచి, మీరు చెప్పింది లేబుల్ మీద ఉన్నదే, మీ తప్పేం లేదు, వాళ్ళింటికి వెళ్ళి అనవసరంగా ఏమీ మాట్లాడొద్దు అన్నాడు. జరిగింది జరిగినట్టు ఫార్మసీ బోర్డు వాళ్ళకి రాసి పంపితే వాళ్ళూ నాలో తప్పు చూడలేదు. మారియా ఉంటే ఏమనేదో నాకు తెలుసు. కానీ ఓనరు మాటే నాకు హాయిగా ఉంది కాబట్టి రెండు నెలలు అదే పట్టుకుని వేలాడాను. పిరికితనానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాను. మీకూ ఇలాంటి ఓనర్లు దొరుకుతారు. చట్టం ప్రకారం వాళ్ళు చెప్పేది నిజమే ఉంటుంది. అది విని మీకు హాయిగా అనిపిస్తే మాత్రం అనుమానించండి.

రెండు నెలల తర్వాత ఒక శనివారం రవీందర్ ఇంటికి వెళ్ళాను. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. నేనిచ్చిన లెక్కే ఆమె వేసుకుంది, ఏ గోళీ అని నేను అడగలేదు, మళ్ళీ వచ్చినప్పుడు కూడా అడగలేదు, డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళమని చెప్పలేదు, తప్పు నాది అన్నాను. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

కింద పడి ఉన్న పాప రంగు పెన్సిళ్ళు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో పెట్టాడు. తర్వాత, "ఒక్క మాటనే గద ఆంటీ. ఏ గోళీ అని. ఒక్క మాట అడిగితె అయిపోతుండె గద" అన్నాడు.

అవును నాయనా అన్నాను. పాప వచ్చే టైమైంది, మీరు ఇక వెళ్ళండి అన్నాడు. వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళు మా షాపుకి రాలేదు. మందులు కావాలంటే దూరంగా ఉన్న ఇంకో ఫార్మసీకి వెళ్ళేవాడని ఎవరో చెప్పారు.

అప్పట్నుంచి మానేసే వరకు నా కౌంటరు దగ్గర లైను పొడుగ్గానే ఉండేది. తెలుగువాళ్ళెవరొచ్చినా అడిగేదాన్ని. ఇంట్లో ఉన్న షీటు ఫోటో తీసి చూపించే వరకు గోళీ ఇచ్చేదాన్ని కాదు. పోలీసు ఆంటీ అని పేరు పెట్టారు. కొందరు కోపమొచ్చి వేరే షాపుకి పోయారు. పోతే పోయారు. అడిగినందుకు ఎవరూ చావలేదు.

ఆదివారం ఫోను

రిటైరైన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"ఆంటీ, నేను రవీందర్‌ను. పాపకు ఫీవర్ ఉంది. సిరప్ తెచ్చిన. ఎంత పట్టాలె?"

పక్కనే ఉన్న బకెట్టు తిరగేసి దాని మీద కూర్చున్నాను. ఏడాది తర్వాత విన్నాను ఆ గొంతు. వెంటనే జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆరేడేళ్ళ పిల్లకి ఎంతో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. చెప్పలేదు. ఇంకెవరూ లేరా, నన్ను అడుగుతున్నావేమిటి నాయనా అన్నాను.

"అందరున్నరు ఆంటీ. ఎవర్నడిగినా టక్కుమని చెప్తరు. మీరైతే ఇగ అన్నీ అడగకుంట చెప్పరు గద" అన్నాడు.

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సీసా చేతిలోకి తీసుకో, దాని మీద ఉన్నది మొదటి నుంచి చివరిదాకా చదువు అన్నాను. చదివాడు. మందు పేరు, ఒక మిల్లీలీటరులో ఎంత ఉందో ఆ అంకె, ఏ వయసుకి, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు. అంకె దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. ఇంతకుముందు ఏమైనా పట్టావా అన్నాను. లేదన్నాడు. ఇంట్లో ఇంకేమైనా మందులున్నాయా అన్నాను. ఏమీ లేవు, అన్నీ తీసి పారేయమని ఫార్మసీలో ఇచ్చేశానన్నాడు.

పాప బరువెంత అని అడిగాను.

వెనక నుంచి పాప గొంతు, "డాడీ, హూ ఈజ్ ఇట్?" అని నీరసంగా వినిపించింది.

"తెల్వదు ఆంటీ" అన్నాడు రవీందర్. "గవన్నీ మాధవికే తెలుసు."

బరువు చూసే మిషను ఇంట్లో ఉందా అన్నాను. బాత్రూములో ఉందన్నాడు. పాపని దాని మీద నిలబెట్టు, తొందరేం లేదు, నేను ఆగుతాను అన్నాను. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పాపని లేపుతూ ఏదో చెబుతున్నాడు. నేను లైన్లోనే ఉన్నాను.